కథ చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకులకు బహిరంగ లేఖ



ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో నేతపని వాళ్ళుండే వీధికి పొద్దున్నే పోతే మనిషి కంటే ముందు మగ్గం పలకరిస్తుంది. గుంతలోకి కాళ్ళు దించుకుని నాయన నేస్తుంటాడు. గడప పక్కన, వెలుతురు పడేచోట, సైకిలు చక్రం బిగించిన రాట్నం. దాని ముందు బడి యూనిఫాం వేసుకున్న పాప. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళ సందున దారం జారవిడుస్తూ కండెలు చుడుతుంది. దారం తెగితే చక్రం ఆపి, కొసలు రెండూ దగ్గరికి చేర్చి, ఒక్క మెలికతో ముడేసి మళ్ళీ తిప్పుతుంది. చూపుడువేలి మీద దారం ఒరిసిన గీత సన్నగా కనిపిస్తుంది. నాడెలో కండె అయిపోయే లోపల ఇంకొకటి సిద్ధంగా ఉండాలి, లేకుంటే మగ్గం ఆగిపోతుంది. బడి గంట వేళకు ఆ పాప లేచి, సంచి తగిలించుకుని పరుగెత్తుతుంది.

ఆ రోజు తెలుగు పీరియడులో పాఠం ఒక పేదపిల్లవాడి కథ అనుకుందాం. కథ అయిపోయాక అయ్యవారు అడిగే ప్రశ్న ఏ బడిలోనైనా దాదాపు ఒకటే: ఈ కథ వల్ల మనం తెలుసుకున్న నీతి ఏమి? జవాబు గైడులో ఉంటుంది. కష్టపడి చదివితే పేదరికాన్ని జయించవచ్చు. పాప అదే రాస్తుంది, మార్కులు పడతాయి. పొద్దున వేలిమీద పడిన గీతకూ, మధ్యాహ్నం రాసిన ఆ వాక్యానికీ మధ్య ఒక్క పోగు కూడా లేదు. పైగా ఆ వాక్యం కడుపులో ఇంకో మాట ఉంది, పిల్లలకు అది తొందరగానే తెలిసిపోతుంది: మీ నాయన ఇంకా పేదవాడుగానే ఉన్నాడంటే సరిగా కష్టపడలేదన్నమాట. తెల్లవారకముందే మగ్గం గుంతలో దిగిన మనిషి గురించి ఆయన బిడ్డ చేతనే ఆ మాట రాయించే హక్కు ఏ వాచకానికీ లేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

ప్రొద్దుటూరు అంటే బంగారు అంగళ్ళనీ, జమ్మలమడుగు అంటే గండికోటకు పోయే దారి అనీ, పులివెందుల అంటే రాజకీయమనీ బయటివాళ్ళు చెప్పుకుంటారు. ఈ ఊళ్ళ పిల్లల పనికి మాత్రం వేరే పంచాంగం ఉంది. పులివెందుల పక్క తొలకరి వానలు పడితే విత్తనానికి శనక్కాయలు ఒలవాలి. మూటలు ఇళ్ళకు చేరతాయి, ఒలిచిన గింజలు కొలిచి కూలి లెక్కగడతారు. కాయల మీద నీళ్ళు చల్లి మెత్తబరచినా, పొద్దు గూకేసరికి బొటనవేలి గోరు కింద మంట పుడుతుంది. బడులు తెరిచేది కూడా ఆ జూన్ నెలలోనే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనులు, పాలిష్ మిషన్లు. ఇక గండికోట జలాశయం కింద 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. ఆ ఊరి పిల్లలకు పేదరికమంటే డబ్బు లేకపోవడం ఒక్కటే కాదని ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. తరగతి గదిలో కూర్చున్నది ఈ పిల్లలు. వాళ్ళకు పేదపిల్లల కథ చెప్పడమంటే తెలియనివాళ్ళకు చెప్పడం కాదు, తమ బతుకును ఎటునుంచి చూడవచ్చో చూపడం.

మన పిల్లలకు బాగా తెలిసిన కథనే తీసుకుని మాట్లాడుకుందాం. ప్రేమ్‌చంద్ 1933లో రాసిన ‘ఈద్గా’. పదో తరగతి హిందీ వాచకంలో చాలా ఏళ్ళు ఉన్న కథ. హామిద్‌కు నాలుగైదేళ్ళు. నాయన కలరాతో పోయాడు, తర్వాత అమ్మ పోయింది. మిగిలింది ముసలి అవ్వ అమీనా. తిరునాళ్ళలో స్నేహితులు మిఠాయిలు, బొమ్మలు కొంటుంటే, రొట్టెలు కాల్చేటప్పుడు అమీనా వేళ్ళు కాలుతున్నాయని హామిద్ మూడు పైసలు పెట్టి పటకారు కొంటాడు. బడుల్లో దీనికి చెప్పే నీతి త్యాగం. కథ గొప్పది, అందులో అనుమానం లేదు. కానీ నాలుగేళ్ళ బిడ్డ పండగనాడు ఆకలి చంపుకుని పటకారు కొనడాన్ని ఆదర్శంగా చూపి, ‘మీరూ ఇలా ఉండాలి’ అని పేదపిల్లలతో అనడం న్యాయమేనా? ఆ పని చేయాల్సినవాడు హామిదేనా? ఈ ప్రశ్న అడగడానికి మన పాఠం చోటివ్వదు.

ఇలాంటి ప్రశ్నలకు చోటిచ్చే పద్ధతి ఒకటి ఉంది. హామిద్ కథ అచ్చయిన ఏడాదే మాల్టాలో పుట్టిన ఎడ్వర్డ్ డి బోనో అనే ఆయన, 1985లో ఆరు ఆలోచనా టోపీల పుస్తకం రాశాడు. తెల్లటోపీ పెట్టుకున్నవాడు లెక్కలూ నిజాలూ మాత్రమే మాట్లాడాలి. ఎర్రటోపీవాడు మనసులో మాట చెప్పాలి. నల్లటోపీవాడు ప్రమాదాలు, పసుపుటోపీవాడు మేలు, పచ్చటోపీవాడు కొత్త దారులు చూడాలి. నీలిటోపీవాడు మొత్తం చర్చను నడపాలి. ఒకే విషయాన్ని ఒక్కో వైపు నుంచి విడివిడిగా చూడటమే ఇందులోని కిటుకు. వ్యాపార సంస్థల సమావేశాల్లో మొదలై బడులకూ పాకిన పద్ధతి ఇది. ఉపాధ్యాయ శిక్షణల్లో మనవాళ్ళూ వినే ఉంటారు.

పద్ధతి మంచిదే. అయితే ప్రొద్దుటూరుకు టోపీలు అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. ఇది అవధానాల ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటకవులుగా అవధానాలు చేసిన ఊరు. సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి అవధాన విద్యను నిలబెట్టిన ఊరు. వేదిక మీద అవధాని ఒక్కడు, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు కుదరని సమస్య ఇస్తారు. ఒకరు అక్షరాలు నిషేధిస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యం చెప్పమంటారు. ఒకరు గంట కొడుతుంటారు, ఒకరు అడ్డం పడుతూ అప్రస్తుతం మాట్లాడతారు. ఎనిమిది మందీ ఎనిమిది వైపుల నుంచి తాకితే తప్ప అవధాని లోతు బయటపడదు. ఈ అమరికను తరగతికి తెచ్చుకుంటే? అవధాని స్థానంలో కథను కూర్చోబెడదాం. పృచ్ఛకుల స్థానాలు పిల్లలవి. ఒక్కో జట్టుకు ఒక్కో అంశం. ఈ లేఖ మీ ముందు పెడుతున్న ప్రతిపాదన ఇదే.

ఘంటాగణనం జట్టు సంగతి ముందు. వాళ్ళ పని లెక్కించడం. పూర్తి కథలో ప్రేమ్‌చంద్ ఎంత జాగ్రత్తగా లెక్క రాశాడో వాళ్ళు పట్టుకుంటారు. పండగ పొద్దున ఆ ఇంట్లో మొత్తం రెండణాలు. అణాకు నాలుగు పైసలు కాబట్టి ఎనిమిది పైసలు. మూడు హామిద్ జేబులో, ఐదు అమీనా సంచిలో. బట్టలు కుట్టి సంపాదించిన ఎనిమిదణాలు పాలావిడ బాకీకి అంతకుముందే పోయాయి. ఇప్పుడు ఒక పిల్లవాడు లేచి చెబుతాడు: అయ్యవారూ, ఇంట్లో ఉన్న ఎనిమిదిలో మూడు పైసలు మనవడి చేతిలో పెట్టింది ఆ అవ్వ, ముందు వదులుకున్నది ఆమె కదా! త్యాగమనే మాటతో ఏళ్ళ తరబడి కప్పిపెట్టిన సంగతి ఒక్క కూడికతో బయటపడుతుంది. కుట్టుకూలీ ఎంత, బాకీ ఎంత, పండగ ఖర్చు ఎంత అని లెక్క సాగితే పేదరికం తలరాతలా కాకుండా చిట్టాపద్దులా కనిపించడం మొదలవుతుంది.

నిషిద్ధాక్షరి జట్టుది అన్నిటికంటే ముఖ్యమైన పని. వాళ్ళు కొన్ని మాటలు నిషేధిస్తారు. ‘పాపం’ అనకూడదు. ‘త్యాగం’, ‘తలరాత’, ‘నీతి’ అనకూడదు. ఆ మాటలు లేకుండా హామిద్ గురించి ఐదు వాక్యాలు చెప్పమంటే తరగతి మొత్తం కాసేపు నోరు మెదపదు. తర్వాత వచ్చే వాక్యాలే నిజమైన వాక్యాలు. ఇదే నిషేధం అయ్యవారికీ ఒకటి ఉండాలి. ‘మన తరగతిలో ఇలాంటివాళ్ళు ఎవరున్నారు, చెయ్యెత్తండి’ అనే ప్రశ్నను ఎప్పటికీ అడగకూడదు. పేదపిల్లవాడిని నిలబెట్టి సాక్ష్యం చెప్పించడం సాహిత్య బోధన కాదు, నలుగురిలో బట్ట విప్పడం. మంచి మనసుతో ఆ ప్రశ్న వేసే ఉపాధ్యాయులు ఉన్నారు కాబట్టే మీ శిక్షణ పుస్తకాల్లో ఈ నిషేధం స్పష్టంగా అచ్చు కావాలి.

మరి పిల్లలు తమ బతుకు గురించి మాట్లాడకూడదా అంటే, అందుకే వర్ణన ఉంది. వర్ణన జట్టును తమ గురించి చెప్పమని అడగం, ఒక వస్తువును చూపమంటాం. పటకారు ఎలా ఉంటుంది? రాట్నం ఎలా తిరుగుతుంది? తడిసిన శనక్కాయ ఎక్కడ నొక్కితే విచ్చుకుంటుంది? కండెలు చుట్టే పాప ఇప్పుడు నోరు విప్పుతుంది. తెగిన దారం కొసలు ఎలా కలపాలో, దారం పట్టు సడలితే కండె ఎందుకు వదులవుతుందో, వానాకాలం మగ్గం గుంతలో నీళ్ళూరితే ఇంట్లో ఏమవుతుందో ఆ గదిలో ఆ పాపకు తెలిసినంతగా అయ్యవారికీ తెలియదు. తరగతి ముందు ఆమె నిలబడేది పేదరాలిగా కాదు, పనితెలిసిన మనిషిగా.

సమస్యాపూరణానికి మన పాత కావ్యమే సమస్యనిచ్చింది. పదో తరగతి తెలుగులో చాలామంది చదివిన ‘భిక్ష’ పాఠం శ్రీనాథుడి కాశీఖండంలోది. అన్నపూర్ణ కొలువున్న కాశీలో అన్నం దొరకలేదు. ఇంతకంటే మంచి సమస్య ఏ పృచ్ఛకుడిస్తాడు? ఇల్లిల్లూ తిరిగినా భిక్ష పుట్టక, ఆకలితో వ్యాసుడంతటి వాడు కాశీని శపించబోయాడు. ఈ పాఠానికి కోపం కూడదన్న నీతి చెప్పి ముగిస్తాం. సమస్య జట్టు మాత్రం వేరేచోట ఆగుతుంది. వ్యాసుడి కోపానికి కావ్యంలో ఒక ఆశ్వాసంలో చోటు దొరికింది. ఆకలేసిన పిల్లవాడి కోపానికి మన వాచకాల్లో చోటెందుకు లేదు? కథల్లో పేదపిల్లలు ఎప్పుడూ ఒదిగి ఉంటారు, కృతజ్ఞతగా ఉంటారు, ఆఖర్న బహుమతి అందుకుంటారు. కోపగించుకున్న పేదపిల్లవాడు ఏ పాఠంలోనైనా ఉన్నాడేమో మీ సంపాదకవర్గం ఒక్కసారి వెతికి చూడాలి.

పురాణపఠనం జట్టు ఇంటికి పోయి జేజినో తాతనో అడిగి రావచ్చు. 1876లో మొదలైన ధాత కరువు గురించి ముసలివాళ్ళ నోట ఇంకా మాటలు మిగిలే ఉన్నాయి. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచారు. నేడు బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, 2023లో రాగిజావ కూడా చేరింది. గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని నిల్చోవడానికీ, బడిలో తోటిపిల్లలతో కలిసి కూర్చుని తినడానికీ తేడా ఏమిటో పిల్లలే తేల్చుకుంటారు. దానానికీ హక్కుకూ ఉన్న తేడా అక్కడ దానంతటదే అర్థమవుతుంది. 2001లో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ప్రభుత్వాలను ఆదేశించిందన్న సంగతి ఆ రోజే చెబితే మరిచిపోరు.

దత్తపది జట్టు కథలో నోరులేని వాళ్ళ తరఫున మాట్లాడుతుంది. పటకారుకు ఆరు పైసలు చెప్పి, ఐదుకు దిగి, చివరికి మూడుకే ఇచ్చిన అంగడివాడు ఏమనుకుని ఉంటాడు? పాలావిడ తన బాకీ అడగడం తప్పా? ఆమె కూడా పేదదే. విడివిడి అక్షరాలను పట్టుకుని వాక్యం చేసే వ్యస్తాక్షరి చివర్లో అందరి మాటలనూ కూర్చుతుంది.

ఇక అప్రస్తుత ప్రసంగి. అవధాన సభల్లో జనం చెవులు రిక్కించేది అతని కోసమే. తరగతిలో ఈ పిల్లవాడికి ఏదైనా అడిగే స్వేచ్ఛ ఉండాలి. ‘బాలకార్మికులు ఉండకూడదంటారే, మరి ఇంట్లో కండెలు చుడితే పోలీసులు పట్టుకుంటారా?’ అని అడిగాడనుకోండి. అది అప్రస్తుతం అనిపించే అసలు ప్రశ్న. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధిస్తూనే, ప్రమాదం లేని కుటుంబ వృత్తుల్లో బడి వేళల తర్వాత, సెలవుల్లో ఇంటివాళ్ళకు సాయపడటానికి వీలు కల్పించారు. సవరణ వచ్చినప్పుడే దీనిమీద దేశమంతా వాదన జరిగింది. కండెలు చుట్టడం ఎటు వస్తుంది? పాలిష్ మిషన్ దగ్గర నీళ్ళు పట్టడం ఎటు వస్తుంది? బడికి ముందు రెండు గంటలు పనిచేస్తే అది సాయమా, కూలీయా? ప్రమాదకరమైన పనుల జాబితా తీసి పిల్లలతో కలిసి చదవడమే ఆ రోజు పాఠం. నాయన మీద నేరం మోపకుండా, చట్టాన్ని దాచకుండా, ఆ రెండింటి మధ్య నిలబడి ఆలోచించడం పెద్దవాళ్ళకే కష్టం. పిల్లలకు ఆ అభ్యాసం బడిలో కాక ఇంకెక్కడ దొరుకుతుంది?

చెప్పడానికి కథలు కావాలంటే ఉత్తరాదికి పోనక్కరలేదు. పులివెందుల పక్కనున్న వేంపల్లెలో పుట్టిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పేద ముస్లిం ఇళ్ళ కథలవి. అందులో ‘రూపాయి కోడిపిల్ల’ అనే కథ పేరు చెబితేనే ఆరో తరగతి పిల్లలు దగ్గరికి జరుగుతారు. ఇదే జిల్లాలో రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో అకాడమీ పురస్కారం దక్కింది. బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా పాఠ్యపుస్తకాలకు సంపాదకత్వం వహించిన ఆయన 2023లో వెళ్ళిపోయారు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి స్వయంగా బడిపంతులుగా పనిచేశారు. కరువులో గొర్రెలను తోలుకుని అడవికి పోయే మనుషుల మీద ఆయన రాసిన ‘కొండపొలం’ 2021లో సినిమాగా వచ్చింది, పిల్లలు చూసే ఉంటారు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ 1956 నాటిది. అందులోని పెన్న, జమ్మలమడుగునూ ప్రొద్దుటూరునూ ఒరుసుకుంటూ పారే పెన్నే. ఇంకొంచెం అవతలికి పోతే కావలి నుంచి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, చిత్తూరు వైపు నుంచి నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ ఉన్నాయి. లేమిలో గడిచిన బాల్యాన్ని నవ్వుతో, పొగరుతో, సొంత యాసతో చెప్పిన పుస్తకాలవి. వాటిలో పిల్లలు జాలికి చెయ్యి చాపరు. హైదరాబాదు అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో దళిత, ముస్లిం ఇళ్ళ పిల్లల కథలను బొమ్మల పుస్తకాలుగా తెచ్చి, ఇలాంటి బాల్యాలు పిల్లల పుస్తకాల్లోకి ఎలా రావచ్చో చేసి చూపింది.

ఇదంతా వినడానికి బాగుంది గానీ సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది అని ఉపాధ్యాయులు అడుగుతారు. వాళ్ళ బాధ నిజమైనది. ఒకవైపు యాప్‌లలో హాజరు, ఇంకోవైపు పదో తరగతి ఫలితాల ఒత్తిడి. అందుకే ప్రతి పాఠాన్నీ ఇలా చెప్పమని ఈ లేఖ అడగడం లేదు. ఏడాదికి రెండు కథలు, ఒక్కో కథకు మూడు పీరియడ్లు చాలు. వాచకాల్లో ‘అవగాహన - ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అనే శీర్షికలు మీరు పెట్టినవే. ఆ శీర్షికల వెనుక ఉన్న ఉద్దేశం మంచిది. కానీ వాటికింద జవాబులు గైడులో దొరికేంత కాలం పిల్లలు ఆలోచించరు, గైడు చూసి రాస్తారు. గైడుకు అందని ప్రశ్న రావాలంటే అది వాళ్ళ వీధిలోంచి రావాలి.

మూడు పనులు మీ చేతిలో ఉన్నాయి. పేదరికం మీద ఉన్న పాఠాల కింద ‘నీతి ఏమిటి’ అనే ప్రశ్నను తీసేయండి. దాని స్థానంలో ‘ఈ కథలో ఎవరికి మాట్లాడే అవకాశం రాలేదు? వాళ్ళ తరఫున రాయండి’ అని పెట్టండి, దానికి మార్కులివ్వండి. జిల్లా రచయితల కథలతో, అనుమతులు తీసుకుని, ఉన్నత పాఠశాలలకు ఒక చిన్న ఉపవాచకం తెండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట తెలుగు ఉపాధ్యాయుల చేతనే ఈ పృచ్ఛకుల పద్ధతిని ఆడించి చూడండి. ముందు వాళ్ళు హామిద్ ఇంటి ఎనిమిది పైసలు లెక్కపెట్టాలి, అప్పుడే పిల్లల చేత లెక్కపెట్టించగలరు.

జూన్‌లో బడులు తెరిచే నాటికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో ఊరికొక ప్రభుత్వ ఉన్నత పాఠశాలను ఎంచుకుని దీన్ని మొదలుపెట్టమని మనవి. ఆ మొదటి తరగతికి మీరూ రండి. వెనక బెంచీలో కూర్చుని, అప్రస్తుత ప్రసంగం వంతు వచ్చినప్పుడు ఆ పిల్లవాడు అడిగే ప్రశ్నను మీ నోటుపుస్తకంలో రాసుకుని పోండి.